మా పొడుగాయన మాకెందుకు దక్కలేదు

ముందే ఒప్పేసుకుంటున్నాను. నేను పెంచి చెబుతాను. ఇది నా రక్తంలోనే ఉంది. ఒక డాక్టరు పరీక్షించి, ఇంత మోతాదులో తన సర్వీసులో ఎక్కడా చూడలేదన్నాడు. మా ఆవిడ నేను చెప్పే ప్రతి అంకెనూ మూడుతో భాగించి, వచ్చినదాంట్లోంచి ఇంకో రెండు తీసేసి, అప్పుడు నమ్ముతుంది. చదివేవాళ్ళు కూడా ఆ పద్ధతే పాటిస్తే ఎవరికీ ఇబ్బంది ఉండదు.

రెండువేల సంవత్సరం దాటి నాలుగైదేళ్ళయిన రోజులు. మేం కివీల దేశంలో, పామర్‌స్టన్ నార్త్ అనే ఊళ్ళో ఉండేవాళ్ళం. ఊరు చపాతీ పీటంత బల్లపరుపు. దూరంగా కొండల మీద గాలిమరలు వరసగా తిరుగుతుంటాయి. ఆ మరలకు మిగలగా వచ్చిన గాలంతా మా పెరట్లోకే వచ్చేది. మా ఆవిడ ఆరేసిన నా లుంగీ ఒకటి పక్క ఊళ్ళో దొరికింది. ఇంకోటి ఈపాటికి సముద్రం దాటి చిలీ దేశంలో ఎవరికో ఉపయోగపడుతూ ఉంటుంది.

ఆ ఊళ్ళో బాస్కెట్‌బాల్ లీగ్ ఒకటుండేది. అందులో రెండో తరగతిలో అట్టడుగున ఒక జట్టు ఉండేది. దానికి నేను మేనేజర్ని. ఆటగాణ్ని కాదు. జీవితంలో ఒక్కసారే బంతిని బుట్టలో వేశాను, అది కూడా మా బుట్టలోనే. పగలంతా ఒక ఆఫీసులో కంప్యూటర్లు చూసుకునేవాణ్ని. ఒక చలికాలం సాయంత్రం ఆఫీసులో ఎవరో "ఊరికే చూడ్డానికి రా" అంటే వెళ్ళాను. చేతిలో స్కోరు రాసే పెన్ను పెట్టారు. ఏడేళ్ళు ఆ పెన్ను వదలలేదు. మేనేజరంటే వ్యాను నడపడం, స్కోరు రాయడం, హాఫ్‌టైమ్‌లో నారింజపళ్ళు నాలుగేసి ముక్కలు కొయ్యడం, ఆట అయ్యాక పది చెమట జెర్సీలు ఇంటికి తెచ్చి ఉతకడం. ఆ వాసనకు మా వీధిలో కుక్కలు వేరే ఊరికి కాపురం మార్చాయి.

జట్టులో ఉన్నది ఆస్పత్రి పోర్టర్లు, చీజ్ ఫ్యాక్టరీ వాళ్ళు, పరీక్షలైపోగానే మాయమయ్యే యూనివర్సిటీ విద్యార్థులు. సగటు ఎత్తు నా ఎత్తే. ప్రతి ఏడూ మార్చి నెల వచ్చేసరికి జట్టులో సగం ఖాళీ. మళ్ళీ ఊరంతా తిరిగి, కాస్త పొడుగ్గా కనబడిన ప్రతివాణ్నీ ఆపి "బంతాట వచ్చా?" అని అడగడం నా పనే. ఒకసారి వెనకనుంచి చూసి ఆపితే, ఆయన చర్చి ఫాదరు. అయినా అడిగేశాను. అంత విసిగిపోయి ఉన్నాను.

ఆయన్ని నేను సూపర్ మార్కెట్టులో కనుక్కున్నాను. పప్పుల అర దగ్గర వంగి వెతుకుతుంటే నా తలకు చాలా పైనుంచి ఒక గొంతు వినిపించింది.

"ఎర్ర కందిపప్పే ఉందండీ ఇక్కడ. మన కందిపప్పు లేదు."

ఆకాశవాణి తెలుగులో పలికిందనుకుని చేతులు జోడించబోయాను. తలెత్తితే, అందరూ నిచ్చెన అడిగే పై అరలోంచి మడమ ఎత్తకుండా ప్యాకెట్టు తీస్తున్నాడు ఒకాయన. ఆరడుగుల మూడంగుళాలు. ఇంటికెళ్ళి మా ఆవిడకు ఏడడుగులని చెప్పాను. విమానంలో ఆయన్ని నిలువుగా పట్టించలేక వాలుగా పడుకోబెట్టి తెచ్చారని కూడా చెప్పాను. ఆవిడ ఎప్పటిలాగే లెక్క వేసి, "అయితే నాలుగంగుళాల మనిషన్నమాట" అంది.

ఆయనది గుంటూరు వైపు. బెంగళూరులో నర్సింగ్ చదివాడు. కాలేజీ జట్టుకు నాలుగేళ్ళు ఆడాడు. ఇక్కడ ఆస్పత్రిలో నర్సు. మనిషి ఎంత పొడుగో మాట అంత మెత్తన. అవతలివాళ్ళు తలెత్తే కష్టం పడకూడదని తనే కాస్త వంగి మాట్లాడేవాడు. అక్కడే, ఆ పప్పుల మధ్యే అడిగేశాను.

"తమ్ముడూ, ఒక్క మంగళవారం వచ్చి చూడు. నచ్చకపోతే మళ్ళీ నీ గుమ్మం తొక్కను."

"వందనాలండీ" అన్నాడు నవ్వుతూ. "డ్యూటీ చూసుకుని వస్తాను అన్నగారూ."

వచ్చాడు. ఆ చలికాలం మా ఊళ్ళో ఏం జరిగిందో వర్ణించడానికి నాకే మాటలు చాలడం లేదంటే మీరు అర్థం చేసుకోవాలి. అంతకుముందు మేం ఓడిపోతే వార్త కాదు, గెలిస్తే పొరపాటు. ఇప్పుడు వరసగా తొమ్మిది గెలిచాం. (ఇది భాగించకండి, నిజం.) అవతలి జట్టు వాళ్ళు బంతిని పైకి విసిరితే అది కిందికి వచ్చేది కాదు, మధ్యలోనే ఆయన చేతికి అంటుకునేది. ఆఫీసులో నన్ను పేరు పెట్టి పిలవడం మొదలెట్టారు. ఏడేళ్ళలో మొదటిసారి ఫైనల్‌కు వెళ్ళాం.

మా కోచ్‌కు అరవై దాటాయి. ఆస్పత్రిలో వడ్రంగి పనులకు పెద్ద. అక్కడి తలుపులు, కిటికీలు, మంచాల చక్రాలు ఆయన చేతికింద ఉండేవి. మోకాళ్ళు ఎంత శబ్దం చేసేవంటే, ఆయన కుర్చీలోంచి లేస్తే రిఫరీ విజిల్ ఊదాడనుకుని ఆట ఆపేసేవాళ్ళు. నిజానికి ఆట ఆపింది ఒక్కసారే. ఆ కోచ్ సెమీఫైనల్ గెలిచిన రోజు ఖాళీ గ్యాలరీలో కూర్చుని, చేతిలో జెర్సీ అటూ ఇటూ తిప్పుతూ నాతో అన్నాడు.

"ఈసారి ఇతన్ని నిలుపుకోవాలి, మేట్."

"ఎందుకు పోతాడు? ఉద్యోగం ఉంది, ఫ్లాట్ ఉంది, మనం ఉన్నాం."

"వెళ్ళిపోయినవాళ్ళందరికీ అవన్నీ ఉన్నాయి" అన్నాడు.

ఆ మాట నాకప్పుడు ఎక్కలేదు. నా లెక్కలో ఆటగాళ్ళను ఎత్తుకుపోయేది పెద్ద ఊళ్ళ పెద్ద జట్లు. ఆక్లాండ్‌లోని మనురేవా నుంచి, అక్కడి చర్చి జట్టు చూసుకునే ఒక అంకుల్ అప్పటికే మా పొడుగాయనకు రెండుసార్లు ఫోన్ చేశాడని నాకు తెలుసు. అక్కడ ఆదివారం తెలుగు ఆరాధన ఉంది. చర్చి కుర్రవాళ్ళకు జట్టుంది. కరివేపాకు దొరికే కొట్టుంది. మా ఊళ్ళో కరివేపాకు కావాలంటే ఎవరి కుండీలోనైనా ఉన్న నాలుగు రెమ్మల కోసం పండక్కి ముందే మాట తీసుకోవాలి. అందుకని నా శత్రువు మనురేవా అంకులే అనుకుని ఆయన మీద పళ్ళు నూరుతూ ఉండేవాణ్ని.

అసలు సంగతి మా పొడుగాయన భార్య.

ఆవిడా నర్సే. గుంటూరులో ఉన్నప్పుడు మిషన్ ఆస్పత్రిలో ఎనిమిదేళ్ళు పనిచేసింది, వార్డు ఇన్‌చార్జిగా. ఆయన వచ్చిన ఆరు నెలలకు ఆవిడ ఈ దేశం వచ్చింది. ఆయన రిజిస్ట్రేషన్ ముందే అయిపోయింది. ఆవిడది కావాలంటే ఇక్కడ ఒక కోర్సు చెయ్యాలి. మా ఊళ్ళో అడిగితే ఈ ఏడాదికి సీట్లు నిండాయి, వచ్చే ఏడాది చూడమన్నారు. అందాకా వృద్ధుల రెస్ట్ హోమ్‌లో కేర్‌గివర్‌గా చేరింది. ముసలివాళ్ళకు స్నానం చేయించడం, తినిపించడం, దుప్పటి కప్పడం. మనసు పెట్టి చేసేది. కానీ ఒక మాత్ర చేతికివ్వడానికి ఆవిడకు అనుమతి లేదు.

ఒకసారి మా ఇంటికొచ్చినప్పుడు మా ఆవిడతో చెబుతుంటే విన్నాను.

"మొన్న ఒక తాతగారికి ఊపిరి తేడాగా ఉంది వదినా. నాకు గుమ్మంలోంచే తెలిసిపోయింది. నాడి పట్టుకుందామని చెయ్యి వెళ్ళిపోయింది. మళ్ళీ వెనక్కి తీసుకున్నాను. బెల్లు కొట్టి ఆ చిన్నపిల్ల నర్సు వచ్చేదాకా నిలబడ్డాను. ఆ పిల్ల నాకు చెబుతుంది, ఇలా ఉంటే వెంటనే పిలవాలీ అని."

"నువ్వేమన్నావు?"

"థాంక్యూ అన్నాను."

మా ఆవిడ లేచి గిన్నె అందుకుంది. ఆవిడ గ్లాసులో ఇంకాస్త టీ పోసింది.

ఫైనల్ ఇంకా మూడు వారాలుందనగా, ఒక సోమవారం, వాళ్ళకు ఆక్లాండ్ నుంచి ఫోన్ వచ్చింది. ఆవిడ అక్కడ కూడా దరఖాస్తు పెట్టి ఉంచింది. దక్షిణ ఆక్లాండ్‌లో, మనురేవాకు దగ్గరలో, ఆ కోర్సులో ఎవరో ఆఖరి నిమిషంలో మానేశారట. ఒక్క సీటు ఖాళీ. శుక్రవారం సాయంత్రం ఐదు లోపల వస్తానో రానో చెప్పాలి. చెప్పకపోతే వరసలో వెనకున్నవాళ్ళకు ఇచ్చేస్తారు. రెండు వారాల్లో క్లాసులు మొదలు. మా ఫైనల్ క్లాసులు మొదలయ్యే ఆ వారం శనివారం.

మంగళవారం ప్రాక్టీసుకు పొడుగాయన ఈ కబురు మోసుకొచ్చాడు. మేనేజర్ని గనక వెంటనే ఒక మహత్తరమైన ఉపాయం చెప్పాను.

"చెల్లెమ్మను ముందు పంపు. నువ్వు ఫైనల్ ఆడి వెళ్ళు. ఒక్క వారమేగా!"

"ఒక్క వారమైతే ఇబ్బంది లేదన్నగారూ. నా ట్రాన్స్‌ఫర్ ఎప్పుడొస్తుందో ఎవరికి తెలుసు? పెళ్ళయి ఐదేళ్ళు. నేను బెంగళూరు, తను గుంటూరు. తర్వాత నేనిక్కడ, తనక్కడ. అన్నీ కలిపితే ఒక్కచోట ఉన్నది ఏడాదిన్నర. ఇంక వేరువేరుగా ఉండకూడదని ప్రార్థన చేసి నిర్ణయించుకున్నాం. వెళ్తే ఇద్దరం వెళ్తాం, నా ఉద్యోగం అక్కడికెళ్ళి చూసుకుంటాను."

ప్రార్థన దాకా వెళ్ళాక మేనేజరు చేసేదేముంది? నేను జెర్సీలు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను. ప్రాక్టీసు అయ్యాక ఆయన నేరుగా కోచ్ దగ్గరికి వెళ్ళాడు. తలుపులు బిగించే పెద్దమనిషి, లోపల ముప్ఫై ఏళ్ళుగా అందరికీ తెలిసినవాడు, ఒక సీటు తలుపు తెరిపించలేడా అని మనవాళ్ళ ఆలోచన. ఆయన స్థానంలో నేనున్నా అలాగే అడిగేవాణ్ని. వంగి, రెండు చేతులూ కట్టుకుని, ఇంగ్లీషులో మొత్తం చెప్పాడు. మా ఆస్పత్రిలోనే తన భార్యకు ఈ ఏడే ఏదైనా దారి దొరికేలా ఎవరికైనా ఒక మాట చెప్పగలరా అన్నాడు.

కోచ్ మెడ తుడుచుకున్నాడు. పైకప్పు వైపు చూశాడు. "యా... నా, మేట్" అన్నాడు.

పొడుగాయన ముఖం వెలిగిపోయింది. కోచ్ చెయ్యి రెండు చేతులతో పట్టుకుని ఊపేశాడు. "థాంక్యూ కోచ్, థాంక్యూ సో మచ్!"

కోచ్ తికమకపడి, "నో వర్రీస్" అన్నాడు.

ఇక్కడ కాస్త ఆగి ఈ ఒక్క మాట సంగతి చెప్పాలి. ఈ దేశంవాళ్ళు, అదే కివీలు, 'యా, నా' అంటారు. అందులో 'యా' అంటే నువ్వు చెప్పింది విన్నాను, పాపం, బాధ అర్థమైంది అని. 'నా' అంటే కుదరదని. జవాబు ఆ చివరి 'నా'లో ఉంటుంది. ముందున్న 'యా' కుర్చీ వేసి మర్యాద చెయ్యడం లాంటిది. నేను దీన్ని బట్టీ పట్టి నేర్చుకోలేదు, వణికి నేర్చుకున్నాను. మొదటి ఏడు మా ఇంటి ఓనరును హీటరు బాగుచేయిస్తారా అని అడిగితే 'యా, నా' అన్నాడు. నేను 'యా' పట్టుకుని ఇంటికొచ్చి, మే నెల నుంచి సెప్టెంబరు దాకా, అంటే ఇక్కడి చలికాలమంతా, మంకీ క్యాప్ పెట్టుకుని మెకానిక్కు కోసం ఎదురుచూశాను. ఆ ఏడు మా ఇంట్లో ఫ్రిజ్ తెరిస్తే వెచ్చగా ఉండేది.

బెంగళూరులో చదివినవాడికి అయితే ఇంకో గొయ్యి. అక్కడి పిల్లల ఇంగ్లీషులో 'కమ్ నా', 'ప్లీజ్ నా', 'యెస్ నా' అంటారు కదా. ఆ 'నా' కాదనడానికి కాదు, మాటను దగ్గరికి లాగి గట్టి చెయ్యడానికి. 'వస్తావా?' అంటే 'యా నా!' అంటారు, రాకుండా ఎలా ఉంటాననే అర్థంలో. ఏడాది నుంచి ఈ దేశంలో ఉన్నా, వార్డులో నొప్పితో ఉన్నవాళ్ళు ఆయనతో 'యెస్', 'నో' అని ముక్తసరిగానే మాట్లాడేవారు. ఈ వంకర మాట ఆయన చెవిన పడనే లేదు. పడ్డ మొదటిసారి, దాని మీద 'నో వర్రీస్' కూడా పడింది. దాన్ని ఆయన 'మీరేం దిగులు పెట్టుకోకండి, నేను చూసుకుంటాను' అని అనువదించుకున్నాడు.

నేను పక్కనే ఉన్నాను. వింటూనే ఉన్నాను. కాదన్నవాడికి కూడా థాంక్యూ చెప్పేంత మర్యాదస్తుడనుకుని, బంతుల సంచి ముడి వేసుకున్నాను.

గురువారం సాయంత్రం ఐదున్నరకు, ఉతికిన జెర్సీ ఇవ్వడానికి వాళ్ళ ఫ్లాట్‌కు వెళ్ళాను. ఆయన మధ్యాహ్నం డ్యూటీలో ఉన్నాడు. తలుపు తియ్యగానే నూనె వాసన, ఆ వెనకే కోడికూర వాసన. ఆవిడ చేతులకు పిండి.

"రండి అన్నయ్యగారూ, సరిగ్గా టైముకి వచ్చారు. గారెలేస్తున్నాను. వదినకు కూడా డబ్బాలో పెట్టిస్తాను."

"ఏంటమ్మా విశేషం? గురువారంనాడు గారెలు!"

"విశేషమే కదండీ. మొన్న కోచ్ గారు 'యా నా' అన్నారంటగా. దిగులు పడొద్దని కూడా చెప్పారంట. ఈయన చెబుతుంటే నాకు ఏడుపొచ్చింది. ఎంత మంచోళ్ళండీ! ఇంక ఆక్లాండ్ ఎందుకు? వాళ్ళకి ఫోన్ చెయ్యలేదు. చెయ్యకపోతే రేపటితో అదే పోతుందిగా."

నా నోట్లో అప్పుడు సగం గారె ఉంది. అది ఎటూ పోలేదు. లోపలికీ పోలేదు, బయటికీ రాలేదు. నా వయసులో మరొకడైతే అక్కడే రాయైపోయి ఉండేవాడు. ఒక పక్క ఫైనల్, ఏడేళ్ళ నారింజపళ్ళు, ఆఫీసులో నా పేరు. ఇంకో పక్క ఈ అమ్మాయి, పిండి చేతులతో, నవ్వుతూ. నేను నోరు మూసుకుంటే చాలు. శుక్రవారం సాయంత్రం ఐదవుతుంది. వాళ్ళు ఊళ్ళోనే ఉండిపోతారు. మా పొడుగాయన ఆడతాడు. ఎప్పుడో తెలిసినప్పుడు తెలుస్తుంది. అందులో నా తప్పుందని ఎవరూ అనలేరు. అన్నది కోచ్, విన్నది భర్త. నేనక్కడ జెర్సీల మనిషిని.

గారె మింగాను. పళ్ళెం కింద పెట్టాను.

"చెల్లెమ్మా, ఆ స్టవ్ కాస్త తగ్గించు" అన్నాను. "కోచ్ అన్నది అవునని కాదు. కాదని."

"అదేంటండీ? 'యా' అన్నారుగా?"

"'యా' తర్వాత 'నా' అన్నాడు. వీళ్ళ భాషలో ఆ 'నా' అంటే 'నో'. ఆయన చేతిలో తలుపులూ గడియలూ తప్ప సీట్లు లేవు తల్లీ. రేపు ఐదయ్యేలోపల ఆక్లాండ్‌కి ఫోన్ చెయ్యి."

ఆవిడ స్టవ్ తగ్గించలేదు, ఆపేసింది. మూకుట్లో రెండు గారెలు తేలుతూ ఉండిపోయాయి.

"నిజమేనా అన్నయ్యగారూ? మీరు ఊరికే పెంచి చెప్పే మాట కాదుగా?"

"ఇది పెంచడానికి ఏమీ లేని మాటమ్మా."

ఆ ఒక్క వాక్యంతో పామర్‌స్టన్ నార్త్ బాస్కెట్‌బాల్ చరిత్ర తలకిందులైంది. నేను మెట్లు దిగుతుంటే కొండ మీద గాలిమరలన్నీ ఒక్కసారిగా ఆగాయి. ఆగకపోయినా ఆగినట్టు అనిపించింది.

శుక్రవారం పొద్దున్న తొమ్మిదికే ఆవిడ ఫోన్ చేసింది. సీటు ఉంది. ఇచ్చేశారు.

ఆ సాయంత్రం పొడుగాయన కోచ్‌తో చెబుతుంటే నేను మధ్యలో నిలబడ్డాను, దుబాసీగా.

"కానీ మీరు యా అన్నారు, కోచ్."

"నా అన్నాను, మేట్."

"యా కూడా అన్నారు."

"యా. యా, నా."

"అదే, 'యా నా' అంటే యా కదా?"

"నా!"

ఇద్దరూ నా వైపు చూశారు. నేను హీటరు కథ మొత్తం చెప్పాను. కోచ్ మొదట నవ్వాడు. తర్వాత ఆ నవ్వు ఎక్కడో ఆగిపోయింది. వెళ్ళి బెంచీ మీద కూర్చున్నాడు.

"నేనొక మాట తిన్నగా అనలేక ఆ అమ్మాయి సీటు పోయుండేది" అన్నాడు. ముఖం రెండు చేతులతో రుద్దుకున్నాడు. "నేను ఈ జట్టును పట్టుకుని ఇరవై ఏళ్ళు. మంచివాళ్ళు వస్తారు. ఒకడు గర్ల్‌ఫ్రెండ్ కోసం క్రైస్ట్‌చర్చ్ వెళ్ళాడు. ఒకడి కూతురికి చెవులు వినబడవు, ఆ బడి ఇక్కడ లేదు. ఒకడి తల్లికి ఈ గాలి పడలేదు. ఇంకో జట్టు వచ్చి ఎత్తుకుపోయినవాడు ఒక్కడూ లేడు. ఎత్తుకుపోతే నాకు తిట్టుకోవడానికైనా ఎవరో ఒకరు ఉండేవారు."

"సారీ, కోచ్" అన్నాడు పొడుగాయన, ఇంకా వంగిపోతూ.

"ఛ! ట్రైలర్ కావాలా సామాన్లకు?"

ఆ తర్వాతి శనివారం కోచే కారు వెనక తగిలించే తన ట్రైలర్ తెచ్చి, మంచం విప్పి, మేకులన్నీ ఒక డబ్బాలో వేసి పైన రాసిచ్చాడు. పొడుగాయన కారెక్కుతూ ఎప్పటిలా తల కొట్టుకున్నాడు. కోచ్ చెయ్యి ఊపలేదు, తాళ్ళు గట్టిగా ఉన్నాయో లేదో లాగి చూశాడు. బండి వెళ్ళిపోయాక నాతో, "మార్చిలో మళ్ళీ వెతకాలి" అన్నాడు. నాకు చెప్పలేనంత నిద్ర వచ్చింది. పొద్దున పది గంటలకే.

ఫైనల్ ఓడిపోయాం. ఎంత తేడాతోనంటే, స్కోరుబోర్డులో అంకెలు అయిపోయి పక్క హాల్లోంచి అరువు తెచ్చారు. మూడుతో భాగించినా బాగానే ఉంటుంది. హాఫ్‌టైమ్‌లో నారింజలు కోశాను. ఆయన వాటా ముక్కలు కూడా కోసేశాను, అలవాటు కొద్దీ. అవి నేనే తిన్నాను. పుల్లగా ఉన్నాయి.

రెండేళ్ళ తర్వాత ఆఫీసు పనిమీద ఆక్లాండ్ వెళ్తూ మా ఆవిడను కూడా తీసుకెళ్ళాను. మనురేవాలో వాళ్ళింటికి భోజనానికి వెళ్ళాం. నా శత్రువు అంకుల్ కూడా వచ్చాడు. నాకంటే పొట్టివాడు, నాకంటే నీరసంగా ఉన్నాడు.

"మీ పొడుగాయన్ని నేను ఎత్తుకొచ్చానని తిట్టుకున్నారంట కదండీ" అన్నాడు కుర్చీ లాక్కుంటూ. "ఏం ఎత్తుకొచ్చాను నా మొహం! రెండేళ్ళలో నాలుగు ఆటలు ఆడితే ఒట్టు. ఈయన శనివారాలు డ్యూటీ. అమ్మాయి డ్యూటీ నుంచి వచ్చేటప్పటికి వంట చేసి పెట్టాలి. మా జట్టు మీ జట్టుకంటే అడుగున ఉంది, తెలుసా?"

"అంతకంటే అడుగుంటుందా అంకుల్?" అన్నాను.

"మేం తవ్వుకున్నాం" అన్నాడు.

నాకు ఆయన మీద ఎక్కడలేని ప్రేమ పుట్టింది.

ఆవిడ డ్యూటీ నుంచి అప్పుడే వచ్చింది. యూనిఫారం మీద చిన్న గడియారం తలకిందులుగా వేలాడుతోంది. ఆస్పత్రిలో నర్సు. ఆ రోజు ఎవరికో గుండె లయ తప్పితే ముందు తనే పట్టుకున్నానని, డాక్టరు వచ్చేలోపల చెయ్యాల్సినదంతా చేశానని చెబుతూ చెప్పులు విప్పింది. గొప్పగా చెప్పలేదు. ఆకలేస్తోందన్నట్టు చెప్పింది. పళ్ళాలు పెడుతూ, మా సోఫా వైపు చూసి, "ఆ గురువారం చెప్పకపోయుంటే నేనింకా బెల్లు కొడుతూనే ఉండేదాన్ని" అంది.

నేను వినయంగా తల దించుకున్నాను.

ఇప్పుడు ఒప్పుకోవలసింది ఒప్పుకుంటాను. లుంగీ చిలీ వెళ్ళలేదు, కుక్కలు కాపురం మార్చలేదు, స్కోరుబోర్డులో అంకెలు సరిపోయాయి. వాటిని మీరెలాగూ భాగించుకుని ఉంటారు. అవన్నీ పెంచినవి. కల్పించినది ఒక్కటే ఉంది.

ఆ గురువారం నేను పళ్ళెం కింద పెట్టలేదు. స్టవ్ తగ్గించమనలేదు. ఆవిడ 'కోచ్ గారు ఎంత మంచోళ్ళండీ' అన్నప్పుడు, "మంచిదమ్మా, చాలా సంతోషం" అన్నాను. ఇంకో మూడు గారెలు తిన్నాను. మా ఆవిడకిచ్చిన డబ్బా పట్టుకుని కారులో కూర్చున్నాను. ఫైనల్ గురించి ఆలోచించుకుంటూ ఇంటికొచ్చాను.

ఇంటికొచ్చాక మా ఆవిడకు చెప్పాను, నిజమే. కానీ నవ్వించడానికి చెప్పాను. అంత మంచి కథ దొరికితే దాచుకోగలనా? 'యా నా' అంటే అవుననుకున్నాడట అని, కోచ్ గొంతు, పొడుగాయన గొంతు రెండూ పెట్టి, మధ్యలో మన హీటరు కూడా కలిపి చెప్పాను. ఆవిడ నవ్వలేదు.

"సీటుకి గడువెప్పుడు?" అంది.

"రేపు ఐదింటికి."

"మీరక్కడ చెప్పొచ్చారా?"

నేను డబ్బా మూత తీసి, గారెలు ఇంకా వేడిగానే ఉన్నాయన్నాను.

ఆవిడ నా వైపు ఇంకోసారి చూడలేదు. లేచి ఫోన్ దగ్గరికి వెళ్ళి, ఆ అమ్మాయికి కలిపింది. స్టవ్ ఆపడం, మూకుట్లో ఉండిపోయిన గారెలు, 'నిజమేనా' అని అడగడం, అవన్నీ ఆ అమ్మాయి తర్వాత మా ఆవిడతో చెప్పుకున్నవి. మనురేవాలో ఆవిడ సోఫా వైపు చూసి అన్నప్పుడు, ఆ సోఫాలో నా పక్కన కూర్చున్నది మా ఆవిడే.

ఫోన్‌లో మాటలు సరిగ్గా వినబడటం లేదని, టీవీ చప్పుడు మాత్రం తగ్గించాను. ఆ రోజు నేను చేసిన సాయం అంతే.